మారిషస్ ద్వీపము: దేశము, జనము, చరిత్ర

గుజరాతీ గృహములలో పంచదారను "మోరస్" అని పిలుచుట కలదు. ఉత్తర హిందూస్థానమున వాడుకలోనున్న "చీనీ" అను మాట చీనా దేశమును తలపించునట్లే, ఈ "మోరస్" అను మాట హిందూ మహాసముద్రమునందలి మారిషస్ అను చిన్న ద్వీపమును తలపించును. ఒకప్పుడు పశ్చిమతీరపు రేవులలో దిగిన మారిషస్ పంచదార బస్తాలు ఆ ద్వీపము పేరును వంటయింటి వరకు తెచ్చినవి. ఆ పంచదారను పండించిన చేతులు ఎవరివి? వానిలో అనేకము మన దేశమునుండి వెడలిన చేతులే. అందు కొన్ని గోదావరి, విశాఖపట్టణ, గంజాం మండలములనుండి వెడలినవి. ఆంధ్రప్రదేశ్ లోని జిల్లాలలో పెక్కింటికంటె చిన్నదైన ఆ దేశమునకు ఇన్ని జాతులు, ఇన్ని మతములు, ఇన్ని భాషలు ఎట్లు చేరినవి, చేరి ఎట్లు కలిసి బ్రతుకుచున్నవి అను విషయమును శ్రోతలకు ఈనాడు మనవి చేయదలచితిమి.

ముందుగా దేశస్వరూపమును చూతము. పటమునందు ఆఫ్రికా తూర్పుతీరమున మడగాస్కర్ అను పెద్ద ద్వీపము కనిపించును. దానికి తూర్పుగా ఎనిమిది వందల కిలోమీటర్లకు మించిన దూరమున, భూమధ్యరేఖకు దక్షిణముగ 20 డిగ్రీల అక్షాంశముపై ఒక చుక్కవలె నుండునది మారిషస్. ముఖ్యద్వీపము పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45 కిలోమీటర్లు. వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. దానికి తూర్పున ఐదు వందల అరువది కిలోమీటర్ల దూరమునగల రోడ్రీగ్స్ ద్వీపమును, మరికొన్ని చిన్న దీవులను కలుపుకొనినచో దేశ వైశాల్యము సుమారు 2,040 చదరపు కిలోమీటర్లగును. జనసంఖ్య పన్నెండున్నర లక్షలకు చేరువగ నున్నది.

ఈ ద్వీపము అగ్నిపర్వతములు పుట్టించినది. ఆ పర్వతములు చల్లారి యుగములైనవి. క్యూర్‌పిప్ పట్టణము నడుమ ఇప్పటికిని ఒక పాత అగ్నిబిలము గిన్నె ఆకారమున నిలిచి, చెట్లతో నిండియున్నది. నడుమ పీఠభూమి, దాని చుట్టు విరిగిన ప్రాకారమువలె కొండలు, కొండల క్రింద సముద్రము వరకు చెఱకు తోటలు, తీరమును చుట్టి పగడపు దిబ్బలు, ఇది స్థూలముగ ఆ దేశపు రూపము. కొండలు మిక్కిలి ఎత్తైనవి కావు. అన్నిటికంటె ఉన్నతమైన శిఖరము 828 మీటర్లు మాత్రమే. మనకు చలికాలమైనప్పుడు వారికి వేసవి. ఆ వేసవిలోనే తుఫానులు వచ్చును. 1892వ సంవత్సరపు తుఫానులో వేయిమందికి పైగా మరణించిరి. 1960లో వచ్చిన "కేరల్" అను తుఫాను వేలాది ఇండ్లను నేలమట్టము చేసినది. అప్పటినుండి అచట రేకుల ఇండ్లకు బదులు కాంక్రీటు ఇండ్లు కట్టుకొను అలవాటు బలపడెను.

చెఱకు తోటల మధ్య అక్కడక్కడ నల్లరాళ్లను పేర్చిన ఎత్తైన గుట్టలు కానవచ్చును. అవి ప్రకృతి పేర్చినవి కావు. అగ్నిపర్వతములు వెదజల్లిన రాళ్లతో నేల నిండియుండగా, సాగుకొఱకు వానిని ఏరి, మోసి, ప్రక్కకు పేర్చినవారు కూలీలు. ఒక్కొక్క గుట్టవెనుక ఎందరి నడుములు వంగినవో లెక్క చెప్పగలవారు లేరు.

మారిషస్ చరిత్రలో ఒక విశేషము కలదు. ఆ దేశమున ఆదిమవాసులు లేరు. అరబ్బు నావికులు ఆ ద్వీపమును ఎరుగుదురు. పదునారవ శతాబ్దారంభమున పోర్చుగీసువారును దానిని చూచిరి. కాని ఎవరును అచట కాపురముండలేదు. 1598లో డచ్చివారి ఓడలు ఆగ్నేయతీరమున లంగరు వేసినవి. తమ రాకుమారుడగు మారిస్ పేరిట వారు దానికి "మారిషస్" అని నామకరణము చేసిరి. 1638లో వారి వలస ఏర్పడెను. వారు నల్లచేవ చెట్లను నరికి అమ్ముకొనిరి. జావానుండి చెఱకును, లేళ్లను తెచ్చిరి. ఓడల వెంట పందులు, కోతులు, ఎలుకలు వచ్చినవి. ఎగురలేని "డోడో" పక్షి మనుష్యుని చూచి బెదరుట ఎరుగదు. మనుష్యులు వేటాడిరి, కొత్తగా వచ్చిన జంతువులు దాని గ్రుడ్లను తినివేసినవి. 1662 తరువాత దానిని చూచినట్లు నమ్మదగిన వార్త లేదు. నేడు ఆ పక్షి బొమ్మ మారిషస్ రాజచిహ్నముపై నిలిచియున్నది. డచ్చివారి వలస నిలువలేదు. తుఫానులకు, కరవునకు తాళలేక 1710లో వారు ద్వీపమును విడిచిపోయిరి.

1715లో ఫ్రెంచివారు వచ్చి ద్వీపమునకు "ఫ్రాన్సు ద్వీపము" అని పేరు మార్చిరి. 1735లో గవర్నరుగ వచ్చిన లాబూర్దొనే దానికి నిజమైన నిర్మాత. పోర్ట్ లూయీ రేవును బాగుచేయించి, ఆసుపత్రిని, రహదారులను, నీటి కాలువను నిర్మింపజేసి, చెఱకు పరిశ్రమకు పునాది వేసినవాడు అతడే. పుదుచ్చేరినుండి తాపీపనివారిని, వడ్రంగులను రప్పించెను. మన చరిత్ర పాఠములలోను అతడు కనిపించును. 1746లో ఓడలదండుతో వచ్చి ఆంగ్లేయులనుండి మద్రాసును పట్టుకొనినది ఈ లాబూర్దొనేయే. ఆ దండయాత్రకు బలము చేకూర్చినది ఈ ద్వీపమే.

ఐతే ఆ కట్టడములకు రాళ్లు మోసినవారిలో అధికులు బానిసలు. మడగాస్కర్ నుండియు, మొజాంబిక్ మొదలగు తూర్పు ఆఫ్రికా తీరములనుండియు, కొంతవరకు మన దేశమునుండియు వారిని కొని తెచ్చిరి. 1723నాటి "నల్ల చట్టము" వారిని చరాస్తిగ పరిగణించెను. పారిపోయిన బానిసకు చెవులు కోయుట మొదలుకొని మరణము వరకు శిక్షలు విధింపబడెను. అయినను పారిపోయినవారు పెక్కుమంది. నైరుతి మూలనున్న లెమోర్న్ కొండ నిట్రాతి గోడలవలె సముద్రమునకు ఎదురుగ నిలిచియున్నది. అట్టి పారిపోయినవారికి అది ఆశ్రయము. 1835లో బానిసత్వము రద్దైన వార్తను చెప్పుటకు సైనికులు కొండనెక్కగా, తమ్ము పట్టుకొనుటకే వచ్చుచున్నారని భ్రమించి వారు కొండమీదినుండి దూకి మరణించిరని అచటి ప్రజలు తరతరములుగ చెప్పుకొందురు. ఆ కథ యథార్థమైనను కాకున్నను, ఆ కొండను చూచినప్పుడు వారి మనసున మెదలునది అదియే. 2008లో ఆ కొండ ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడినది.

ఫ్రెంచి యుద్ధనౌకలు, సముద్రపు దొంగలవంటి వారి దోపిడి ఓడలు పోర్ట్ లూయీ నుండి బయలుదేరి ఆంగ్లేయుల వర్తక నౌకలను పట్టుకొనుచుండెడివి. ఇండియాకు పోవు దారి క్షేమముగ నుండవలెనన్నచో ఈ ద్వీపమును పట్టుకొనక తప్పదని ఆంగ్లేయులు నిశ్చయించిరి. 1810 ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ అఖాతమున జరిగిన నౌకాయుద్ధమున ఫ్రెంచివారే గెలిచిరి. కాని ఆ సంవత్సరాంతమున ఇండియానుండి వచ్చిన పెద్ద సైన్యము ఉత్తరతీరమున దిగెను. అందు మద్రాసు సిపాయిలును ఉండిరి. డిసెంబరు 3న ఫ్రెంచివారు లొంగిపోయిరి. లొంగుబాటు షరతులలో ఒకటి గమనింపదగినది. నివాసుల మతము, చట్టము, ఆచారములు, ఆస్తులు యథాతథముగ నుండునని ఆంగ్లేయులు మాట యిచ్చిరి. అందువలననే జెండా ఆంగ్లేయులదైనను, తోటలు ఫ్రెంచి దొరలవే అయ్యెను. ఫ్రెంచి భాషయు నిలిచెను. నేటికిని అచట శాసనసభలో ఇంగ్లీషు, వార్తాపత్రికలలో ఫ్రెంచి, వీధిలో క్రియోల్ వినబడుటకు మూలము ఇదియే.

1825లో మారిషస్ పంచదారపై సుంకమును తగ్గించి, వెస్టిండీస్ పంచదారతో సమానము చేయుటతో అడవులు నరికి చెఱకు నాటిరి. ఇంతలో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వము రద్దయ్యెను. యజమానులకు నష్టపరిహారముగ ఇరువది లక్షల పౌనులకు మించిన ధనము ముట్టెను. బానిసలకు దక్కినది ఏమియు లేదు. పైగా కొన్ని సంవత్సరములు "శిక్షానవీసులు" అను పేరిట అదే యజమానుల వద్ద పనిచేయవలసి వచ్చెను. ఆ గడువు తీరినంతనే వారిలో పెక్కుమంది తోటలవంక తిరిగి చూడక తీరగ్రామములకు, పట్టణములకు పోయిరి. ఇప్పుడు చెఱకు నరుకువారెవరు? దొరల చూపు హిందూ దేశముపై పడెను.

1834 నవంబరు 2న "అట్లాస్" అను ఓడ 36 మంది కూలీలతో పోర్ట్ లూయీలో దిగెను. వారు ఛోటానాగపూర్ కొండసీమవారు. ఐదేండ్ల ఒడంబడిక, నెలకు ఐదు రూపాయల జీతము. ఆంగ్ల ప్రభుత్వము దీనిని "మహా ప్రయోగము" అని పిలిచినది. బానిసలకు బదులు ఒడంబడిక కూలీలతో తోటలు సాగునా అనునదే ఆ ప్రయోగము. దొరల దృష్టిలో అది ఫలించెను. ఇరువదవ శతాబ్దారంభము వరకు నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఆ రేవున దిగిరి. వారిలో అధికులు కలకత్తా నుండియు, అటుపిమ్మట మద్రాసు వైపునుండియు, కొద్దిమంది బొంబాయి నుండియు వెళ్లినవారు. 1861 నాటికి ద్వీపపు జనాభాలో మూడింట రెండు వంతులకు చేరువగ భారతీయులే యుండిరి.

మన తీరమునుండి రంగూనుకు పోయినవారు రెండు మూడేండ్లకు తిరిగి వచ్చుట కద్దు. మారిషస్ పోయినవారు తిరిగివచ్చుట తక్కువ. మొదట తిరుగు ప్రయాణపు ఖర్చు యజమాని భరించునను నిబంధన యుండెను. 1850ల దశకమున దానిని తొలగించిరి. ఒక్కదినము పనికి రానిచో రెండు దినముల జీతము కోసివేయు పద్ధతి యుండెను. దానిని "రెండింతల కోత" అనెడివారు. ఒడంబడిక తీరి స్వతంత్రుడైనవాడు సైతము 1867 చట్టము ప్రకారము తన ఛాయాచిత్రము అంటించిన చీటీని వెంటనుంచుకొనవలెను. చీటీ లేనివానిని పోలీసువారు పట్టుకొందురు. ఈ అన్యాయమును చూచి సహింపలేని అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అను ఐరోపీయుడు 1871లో తొమ్మిదివేల మందికి పైగా కూలీల వ్రాళ్లతో గవర్నరునకు విన్నపము సమర్పించెను. తోటల యజమానులు మండిపడిరి. అతనిపై దాడి జరిగెను. కాని ఆ విన్నపము ఫలితముగ 1872లో రాయల్ కమిషను వచ్చి విచారించెను.

పోర్ట్ లూయీ రేవున కూలీలు దిగిన స్థలము నేటికిని నిలిచియున్నది. దానిని "ఆప్రవాసీ ఘాట్" అందురు. సముద్రమునుండి పైకి 16 రాతిమెట్లు కలవు. ఆ మెట్లెక్కిన ప్రతి మనుష్యునకు ఒక అంకె ఇచ్చి, పేరు, తండ్రి పేరు, గ్రామము, కులము, దేహముపై గుర్తులు పుస్తకములకెక్కించిరి. 2006లో ఆ ఘాట్ ప్రపంచ వారసత్వ స్థలమైనది. ఆ పుస్తకములు నేడు మోకా పట్టణమునందలి మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగ నున్నవి. తమ ముత్తాత ఏ ఊరినుండి వచ్చినాడో తెలిసికొనుటకు మనుమలు అచటికి పోవుచుందురు. దొరలు పారిపోయినవారిని పట్టుకొనుటకు వ్రాసియుంచిన లెక్కలే నేడు వంశవృక్షములకు ఆధారములైనవి. బానిసల సంతతివారికి ఇంతపాటి ఆధారము సైతము తరచు లభింపదు.

ఇక తెలుగువారి సంగతి. కాకినాడ దాపున గోదావరి పాయ సముద్రమున కలియుచోట కోరంగి యనెడి రేవు ఒకప్పుడు ఓడలు కట్టు స్థలముగ ప్రసిద్ధిచెందినది. 1789లోను, 1839లోను ఉప్పెనలు దానిని ముంచివేసినవి. అయినను ఆ రేవు పేరు సముద్రము దాటెను. అక్కడినుండి వచ్చిన కారణమున మారిషస్ లో తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచిరి. అది మెచ్చుకోలు మాట కాదు. కాని చరిత్రకు అది ఒక సాక్ష్యము.

ఓడ దిగినప్పుడు గుమాస్తా వ్రాసికొనిన పేరు కొడుకునకు ఇంటిపేరయ్యెను. అందుచేత మన ఊళ్లలో వ్యక్తులకు పెట్టు అప్పన్న, అప్పడు, రామస్వామి వంటి పేర్లు అచట వంశనామములుగ, ఫ్రెంచి వర్ణక్రమమున నిలిచిపోయినవి. చెఱకుతోట కూలీల జీవితమును 2003లో ఫ్రెంచి భాషలో నవలగ వ్రాసిన నతాషా అప్పన్న ఇంటిపేరు మనకు సింహాచలపు స్వామిని గుర్తుచేయక మానదు.

భాష మాత్రము అంత సులువుగ నిలువలేదు. తోటలలో తెలుగు, తమిళ, భోజపురీ, మరాఠీ కూలీలు కలిసి పనిచేయవలెను. దొర మేస్త్రీతో, మేస్త్రీ కూలీతో క్రియోల్ లో మాటలాడును. రెండు మూడు తరములలో ఇంటిభాషయు క్రియోల్ అయ్యెను. నేడు తెలుగు ఇంట మాటలాడువారు మిక్కిలి స్వల్పము. కాని ఒక చిత్రము గలదు. అచటి జనాభా లెక్కలలో మతమేమని అడిగినచోట "తెలుగు" అని వ్రాయించువారు కలరు. నాలుకపై నిలువలేని మాటను వారు పూజాగృహమునందు నిలుపుకొనిరి. దీపపు స్తంభమును నడుమనుంచి, చుట్టును తిరుగుచు రాత్రియంతయు చేయు రామభజన, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ నేటికిని వారి యిండ్ల సాగుచున్నవి. ఉగాది ఆ దేశమున సెలవుదినము. పాఠశాలలలో కోరినవారికి తెలుగు నేర్పుదురు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్ లోనే జరిగినవి. ఆ దేశపు ప్రసార సంస్థ అనేక భాషలతో పాటు తెలుగులోను కార్యక్రమములు ప్రసారము చేయుచున్నది. ప్రసారవృత్తిలోనున్న మాకు ఈ సంగతి ప్రత్యేకముగ సంతోషము గొల్పును. ఇంట మాటలాడని భాషను రేడియోలో వినుటకు చెవియొగ్గు ముదుసలి ఎవరైన ఆ ద్వీపమున నుండవచ్చునని తలచినప్పుడు, మా పలుకు స్పష్టముగ నుండవలెనని మరల అనుకొందుము.

భారతీయులు వచ్చిన వెనుకనే చీనా దేశీయులును వచ్చిరి. వారు గ్రామగ్రామమున కిరాణా కొట్లు తెరచి, కోత కాలము వరకు కూలీలకు అరువిచ్చిరి. గుజరాతీ ముసల్మాను వర్తకులు బియ్యము, బట్టల వ్యాపారము చేసిరి. మొత్తముమీద నేటి జనాభాలో హిందువులు సగమునకు కొంచెము తక్కువ, క్రైస్తవులు మూడవ వంతునకు చేరువ, ముసల్మానులు ఆరవ వంతునకు కొంచెము పైగా నున్నారు. నూటికి ఎనుబదియైదు మందికి పైగా ఇంటిలో క్రియోల్ మాటలాడుదురు. ఫ్రెంచి మాటలతో, ఆఫ్రికా కంఠముతో బానిసల నోట పుట్టిన ఆ భాషలో మన మునగాకునకును చోటు దొరకినది. దానిని వారు "బ్రేద్ మూరుం" అందురు. 2012లో ఆ భాష ప్రాథమిక పాఠశాలలలో బోధనాంశమైనది.

ఇన్ని జాతులవారు ఒకచోట నున్నంతమాత్రమున ఒక జాతి కాజాలరు. వారిని ఒక్కటి చేసినదానిలో కూలి పోరాటము ముఖ్యమైనది. 1901లో దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు గాంధీజీ ఆ ద్వీపమున సుమారు మూడు వారములు ఆగెను. పిల్లలను చదివింపుడని, రాజకీయములయందు పాల్గొనుడని భారతీయులకు హితవు చెప్పెను. ఆయన ప్రోత్సాహముతో 1907లో మణిలాల్ డాక్టర్ అను న్యాయవాది వచ్చి కూలీల పక్షమున వాదించెను. 1936లో డాక్టర్ మారిస్ క్యూరే అను క్రియోల్ వైద్యుడు లేబర్ పార్టీని స్థాపించెను. ఆఫ్రికా సంతతివారును, భారతీయ సంతతివారును ఒక వేదికపై నిలిచిరి. 1943 సెప్టెంబరులో బెల్ వ్యూ తోటలో సమ్మె చేయుచున్న కూలీలపై పోలీసులు కాల్పులు జరుపగా మరణించినవారిలో గర్భవతియగు అంజలై కూపెన్ ఒకతె. నేడు ఆ ప్రాంతపు క్రీడారంగమునకు ఆమె పేరు పెట్టిరి.

1948లో ఓటుహక్కు విస్తరించెను. అంతవరకు ఆస్తిగలవారికి మాత్రమే ఓటు. ఇప్పుడు ద్వీపమున వాడుకలోనున్న ఏ భాషలోనైన చదువను వ్రాయను వచ్చినచో చాలునను నియమము వచ్చెను. "బైఠకా"లు అను రాత్రిబడులలో దీపముల వెలుగున కూలీలు అక్షరములు దిద్దిరి. ఓటర్ల సంఖ్య సుమారు 12 వేలనుండి 70 వేలకు మించెను. తాతలు వేలిముద్రవేసి ఒడంబడికకు కట్టుబడిరి. మనుమలు సంతకము చేసి ఓటు సంపాదించిరి. 1959లో వయోజనులందరికి ఓటు లభించెను.

స్వాతంత్ర్యము సమీపించుకొలది ఐకమత్యమునకు పరీక్ష వచ్చెను. హిందువుల సంఖ్యాబలమున తాము మునిగిపోదుమేమోయని ఇతరులు భయపడిరి. 1967 ఎన్నికలలో నూటికి సుమారు 44 మంది స్వాతంత్ర్యమును కోరని పక్షమునకు ఓటు వేసిరి. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో క్రియోల్, ముసల్మాను యువకుల మధ్య చెలరేగిన కల్లోలమును అణచుటకు బ్రిటిషు సైనికులను రప్పింపవలసి వచ్చెను. అనేక కుటుంబములు ఆస్ట్రేలియాకు, ఐరోపాకు వలసపోయినవి. అట్టి ఉద్రిక్తతలో 1968 మార్చి 12న, దండి యాత్ర ప్రారంభమైన తేదీననే, దేశము స్వతంత్రమయ్యెను. శివసాగర్ రాంగులాం తొలి ప్రధానమంత్రి. 1992లో అదే తేదీన గణతంత్రమయ్యెను.

మైనారిటీల భయమును పోగొట్టుటకు వారు ఒక ఏర్పాటు చేసికొనిరి. శాసనసభకు 62 మంది ఎన్నికగుదురు. ఏ వర్గమునకైన తగిన స్థానములు రానిచో, ఓడినవారిలో ఎక్కువ ఓట్లు తెచ్చుకొన్న ఆ వర్గమువారికి అదనముగ ఎనిమిది స్థానముల వరకు ఇత్తురు. ఈ ఏర్పాటు భయమును తగ్గించినది. కాని మనుష్యుని వర్గపు పేరుతో కట్టివేసినది. అభ్యర్థి తాను హిందువో, ముసల్మానో, చీనీయుడో, "సాధారణ ప్రజ"యో చెప్పవలెను. లెక్కకు ఆధారము 1972 జనగణనయే. ఆ తరువాతి గణనలలో వర్గమేమని అడుగుట మానివేసిరి. 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘము ఈ నిర్బంధమును తప్పుపట్టెను. మందు అవసరమా, మందే రోగమైనదా అను చర్చ అచట చిరకాలముగ సాగుచున్నది. అన్ని వర్గములు కలిసియున్న ఏ దేశమునకైన ఇది తన ప్రశ్నగనే తోచును.

పండుగలు పంచుకొనుట సులభము, గౌరవమును సమముగ పంచుకొనుట కష్టము. 1998లో అచ్చైన నోట్లపై తమిళముకంటె ముందు హిందీ వ్రాయబడినదని తమిళులు నిరసింపగా, ఆ నోట్లను ఉపసంహరించి మార్చి ముద్రింపవలసి వచ్చెను. 1999లో కాయా అను క్రియోల్ గాయకుడు పోలీసు నిర్బంధమున మరణింపగా దేశమంతట అల్లర్లు చెలరేగినవి. అభివృద్ధిలో తమకు పాలు దక్కలేదను క్రియోల్ పేదల ఆవేదన అప్పుడు అందరికి వినబడెను. అభివృద్ధి జరిగిన మాట నిజము. 1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ ఆ ద్వీపము భవిష్యత్తు అంధకారమని భావించెను. కాని జననముల రేటు తగ్గెను, 1970 తరువాత ఎగుమతి కొఱకు బట్టల కర్మాగారములు వెలసినవి, యాత్రికులు వచ్చిరి, ఉన్నత పాఠశాల విద్య ఉచితమయ్యెను. నేడు ఫిబ్రవరి 1 బానిసత్వ విముక్తి దినముగను, నవంబరు 2 ఒడంబడిక కూలీల ఆగమన దినముగను సెలవులు. ఈ రెండు దినములును దేశమందరివి.

ఒక గాయము మాత్రము చిరకాలము మానకుండెను. స్వాతంత్ర్యమునకు ముందే, 1965లో, బ్రిటను ఛాగోస్ దీవులను మారిషస్ నుండి వేరుచేసెను. డియేగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరము కొఱకు 1968 - 1973 మధ్య అచటి ప్రజలను ఓడలలో తరలించి మారిషస్, సెషెల్స్ రేవులలో దింపిరి. బానిసల సంతతివారికి రెండవసారి ఓడప్రయాణము తప్పలేదు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానము ఆ విభజన చట్టసమ్మతము కాదని అభిప్రాయపడెను. 2025 మే 22న దీవులపై సార్వభౌమత్వమును మారిషస్ కు అప్పగించుటకు రెండు ప్రభుత్వములు ఒప్పందముపై సంతకములు చేసినవి. ఐతే పుట్టిన దీవిలో కన్నుమూయవలెనని కోరిన వృద్ధులలో పెక్కుమంది అప్పటికే మారిషస్ నేలలో కలిసిపోయిరి.

ముగించుటకు ముందు మరియొక సంఘటనను మనవి చేయుదుము. 2020 జూలై 25న "వకాషియో" అను పెద్ద ఓడ ఆగ్నేయతీరమున పగడపు దిబ్బకెక్కెను. ఆగస్టు 6న దాని నుండి నూనె కారుట ప్రారంభమై, సుమారు వేయి టన్నులు సముద్రమున కలిసెను. డచ్చివారు మొదట దిగిన తీరము, 1810లో నౌకాయుద్ధము జరిగిన అఖాతము, ఆ సమీపముననే యున్నవి. తమను ఎవరో పిలుతురని జనులు ఎదురుచూడలేదు. వేలకొలది మంది తీరమునకు వచ్చి గోనెలలోను, గుడ్డసంచులలోను ఎండు చెఱకాకును కుక్కి, కుట్టి, పొడవుగ కట్టి, నూనె పరుచుకొనకుండ నీటిపై తేలవైచిరి. కొందరు తమ తలవెండ్రుకలను కత్తిరించి ఇచ్చిరి. నల్లని నూనెలో మోకాలిలోతున నిలిచినవారిలో ఎవరు కోరంగీ మనుమడో, ఎవరు మొజాంబిక్ మనుమరాలో, ఎవరు చీనా కొట్టువాని బిడ్డయో ఆ నాడు ఎవరును అడుగలేదు.

ఆ చెఱకును నాటుట కొఱకే వారి పూర్వులలో కొందరిని సంకెలలతోను, కొందరిని ఒడంబడికలతోను ఆ దీవికి తెచ్చిరి. ఇప్పుడు అదే చెఱకాకును సంచుల నింపి, తమదనుకొన్న తీరమును వారు కాపాడుకొనిరి. చిన్న దేశము; పెద్ద సముద్రము. పంచదార డబ్బా మూత తీసినప్పుడు శ్రోతలు ఒకమారు ఆ దీవిని తలచుకొందురని ఆశించుచు సెలవు తీసికొందుము.